రక్తం ఇచ్చే ముందే తేల్చుకోవలసిన సంగతి

బిడ్డకు పుట్టుకతోనే బుద్ధి, శరీరం ఎదుగుదల నెమ్మదించే డౌన్ సిండ్రోమ్ ఉండే అవకాశం ఎంతో అంచనా వేయడానికి, గర్భం దాల్చిన తొలి నెలల్లో చేయించుకునే స్క్రీనింగ్‌కు ఉన్న గడువు చాలా చిన్నది. పదకొండు వారాలు నిండిన నాటి నుంచి పదమూడు వారాల ఆరు రోజుల లోపు, అంటే శిశువు పొడవు తల నుంచి పిరుదుల దాకా 45 నుంచి 84 మిల్లీమీటర్ల మధ్య ఉన్నప్పుడు మాత్రమే, మెడ వెనుక చర్మం కింద ఉండే నీటి పొర మందాన్ని కొలిస్తే ఆ కొలతకు అర్థం ఉంటుంది. దీన్నే ఎన్‌టీ స్కాన్ అంటున్నారు. ఆ గడువు దాటితే పొర తనంతట తానే తగ్గిపోతుంది కాబట్టి తరువాత ఎంత మంచి యంత్రంతో చూసినా ఆ సమాచారం దొరకదు. మన ఇళ్లలో లెక్క వారాల్లో ఉండదు, నెలల్లో ఉంటుంది. ఆ లెక్కన ఈ గడువు మూడో నెల చివరి రోజుల్లో పడుతుంది. మూడో నెల దాటేదాకా కడుపుతో ఉన్న సంగతి బయట చెప్పకూడదన్నది కోనసీమలో నేను పుట్టి పెరిగిన ఇంటి పద్ధతి, మెట్టిన ఇంటి పద్ధతి కూడా అదే. అంటే నలుగురినీ అడిగి తెలుసుకోవలసిన సమయమూ, ఎవరితోనూ నోరు విప్పకూడని సమయమూ ఒక్కటే అవుతున్నాయి. ఈ పరీక్షల గురించి రాయాలని నాకు అనిపించడానికి మొదటి కారణం ఇదే.

నా వయసు 33. ఇది మాకు మొదటి కాన్పు. మాది మేనరికం, నాన్నగారి అక్క కొడుకునే చేసుకున్నాను. అమలాపురంలో మేము చూపించుకునే చోట మొదటిసారి వెళ్లినప్పుడే చేతిలో ఒక కాగితం పెట్టారు. అందులో రక్తహీనతకు, థైరాయిడ్‌కు, చక్కెరకు చేసే తప్పనిసరి పరీక్షలతో పాటు, ఈ స్క్రీనింగ్‌లో భాగమైన డబుల్ మార్కర్ అనే రక్త పరీక్ష కూడా అదే వరుసలో, అదే అక్షరాలతో ఉంది. పక్కన గడిలో అప్పటికే టిక్కు పెట్టి ఉంది. రక్తహీనత పరీక్షను వద్దనడానికి ఎవరికీ కారణం ఉండదు. డబుల్ మార్కర్ అటువంటిది కాదు. దాన్ని చేయించుకోవడానికి మంచి కారణాలు ఉన్నాయి, చేయించుకోకపోవడానికీ మంచి కారణాలు ఉన్నాయి, ఆ రెండింటిలో ఏవి తమకు వర్తిస్తాయో తేల్చుకోవలసినది ఆ తల్లిదండ్రులే. అటువంటి దాన్ని మిగిలిన వాటితో కలిపి ఒకే బిల్లులో వేయడం నాకు సబబుగా తోచలేదు. అడిగితే డాక్టరు గారు ఓపికగా కూర్చోబెట్టి చెప్పారు, అందుకు ఆమెకు కృతజ్ఞురాలిని. అయితే అడగాలని తెలియని అమ్మాయికి ఆ మాటలు ఎవరు చెబుతారన్న దిగులు నాకు అప్పటి నుంచీ ఉంది.

ఆమె చెప్పినదీ, తరువాత నేను చదివి తెలుసుకున్నదీ ఇది. డబుల్ మార్కర్ అంటే తల్లి రక్తంలో ఫ్రీ బీటా హెచ్‌సీజీ, పీఏపీపీ-ఏ అనే రెండు పదార్థాలు ఎంతెంత ఉన్నాయో చూడడం. రెండూ మాయ నుంచి వచ్చేవే. ఈ రెండు అంకెలకు ఎన్‌టీ కొలతనూ తల్లి వయసునూ జోడించి, కంప్యూటర్ ఒక లెక్క కడుతుంది. వచ్చే జవాబు ‘ఉంది’ అనో ‘లేదు’ అనో ఉండదు. ఇన్ని వందల్లో ఒకటి, ఇన్ని వేలల్లో ఒకటి అని ఒక అవకాశం రూపంలో ఉంటుంది. సాధారణంగా 250లో ఒకటి కంటే ఎక్కువ అవకాశం ఉంటే ‘హై రిస్క్’ అంటారు, 1000లో ఒకటి కంటే తక్కువ ఉంటే ‘లో రిస్క్’ అంటారు, మధ్యలో ఉన్న వారికి మరో పరీక్ష సూచిస్తారు. ఇరవై ఒకటో క్రోమోజోమ్ రెండుకు బదులు మూడు ఉంటే డౌన్ సిండ్రోమ్. పద్దెనిమిది, పదమూడు సంఖ్యల క్రోమోజోములు అలా ఎక్కువైతే వచ్చే మరో రెండు తీవ్రమైన స్థితులకు కూడా ఇదే లెక్క వర్తిస్తుంది. తల్లి వయసుతో ఈ అవకాశం పెరుగుతుంది. కాన్పు నాటికి లెక్కగడితే డౌన్ సిండ్రోమ్ 30 ఏళ్ల తల్లికి సుమారు 900లో ఒకటి, 35 ఏళ్ల తల్లికి సుమారు 350లో ఒకటి, 40 ఏళ్ల తల్లికి సుమారు 100లో ఒకటి.

ఎన్‌టీ స్కాన్‌తో కలిపి చేసిన డబుల్ మార్కర్ డౌన్ సిండ్రోమ్ ఉన్న శిశువుల్లో నూటికి 85 నుంచి 90 మందిని పసిగడుతుందని, అందుకు ప్రతిగా ఏ లోపమూ లేని గర్భాల్లో నూటికి అయిదింటిని అనుమానిస్తుందని వైద్యులు చెబుతారు. ఈ వాక్యం విన్నప్పుడు నాకు 90 అన్న అంకె ఒక్కటే మనసులో నిలిచింది. రెండో అంకె బరువు తెలిసింది మా బావ వల్ల. బావ అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేస్తాడు, అక్కడ ధర పలికేది వెయ్యి కాయల లెక్కన. చిట్టా పుస్తకం వెనుక అట్ట మీద వెయ్యి అని రాసి, “వెయ్యి కాయల్లో నిజంగా చెడినవి ఒకటో రెండో ఉన్నాయనుకో. మనం అనుమానంతో పక్కన పెట్టేది యాభై. ఆ చెడినవి చాలావరకు ఆ యాభైలోనే ఉంటాయి, నిజమే. కానీ ఆ యాభైలో నలభై ఎనిమిది మంచివే కదా” అన్నాడు. నిజానికి ఆ పరీక్ష గురించి నేను చదివిన అన్ని కాగితాల కంటే ఆ అట్ట మీది లెక్కే నాకు స్పష్టంగా అర్థమయింది. ‘హై రిస్క్’ అన్న మాట చూసి కుప్పకూలిపోయే యాభై మంది తల్లుల్లో నలభై ఎనిమిది మంది బిడ్డలకు ఆ సమస్యే ఉండదు. అటువంటి మాట ఒకటి రావచ్చునని ముందే తెలిసి ఉన్న మనిషి దాన్ని ఒక విధంగా అందుకుంటుంది, తెలియని మనిషి వేరొక విధంగా అందుకుంటుంది. అలాగే ‘లో రిస్క్’ అన్న వారిలోనూ అరుదుగా ఒకరికి ఆ సమస్య ఉండవచ్చు. అది పరీక్ష తప్పు కాదు, స్క్రీనింగ్ స్వభావమే అంత.

ఎన్‌ఐపీటీ అనే కొత్త పరీక్ష దీనికంటే ఎంతో కచ్చితమైనది. మాయ నుంచి వచ్చిన డీఎన్‌ఏ ముక్కలు తల్లి రక్తంలో తిరుగుతూ ఉంటాయి. 1997లో డెనిస్ లో, ఆయన సహచరులు తల్లి రక్తపు ద్రవంలో శిశువు తాలూకు డీఎన్‌ఏ ఉందని చూపించిన తరువాత ఈ దారి తెరుచుకుంది. పది వారాలు నిండితే చాలు, తల్లి చేతి నుంచి తీసిన రక్తంతోనే చేస్తారు, డౌన్ సిండ్రోమ్‌ను నూటికి 99 వంతులు పసిగడుతుంది, అనవసరంగా అనుమానించడం చాలా తక్కువ. అయినా అదీ స్క్రీనింగే. అందులో అనుమానం వచ్చినా ఉమ్మనీరు పరీక్షతోనో, మాయ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్షతోనో నిర్ధారించుకున్నాకే ఏ నిర్ణయమైనా తీసుకోవాలి. ఖరీదు కూడా డబుల్ మార్కర్‌కు ఎన్నో రెట్లు ఉంటుంది. మన దేశంలో 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం ఆడో మగో ఏ రిపోర్టులోనూ చెప్పరు, అడగడమూ నేరమే.

ఇక్కడ మా ప్రాంతానికి ముఖ్యమైన ఒక సంగతి చెప్పాలి. మేనరికం చేసుకున్నారు కాబట్టి డబుల్ మార్కర్ తప్పనిసరిగా చేయించుకోండి అని నాకు తెలిసిన వాళ్లు ఇద్దరు ముగ్గురు చెప్పారు. వాళ్ల ప్రేమను నేను శంకించను, కానీ ఆ రెంటికీ సంబంధం లేదు. డౌన్ సిండ్రోమ్ చాలావరకు అండం తయారయ్యే దశలో క్రోమోజోములు సరిగా విడిపోకపోవడం వల్ల వచ్చేదే. దంపతులు దగ్గరి బంధువులైనా, ముక్కూమొహం తెలియని వాళ్లయినా ఆ అవకాశం ఒకటే. మేనరికంలో పెరిగేది వేరు. ఒకే తాత నుంచి వచ్చిన ఒకే లోపం తల్లిలోనూ తండ్రిలోనూ దాగి ఉండి, బిడ్డలో రెండు వైపుల నుంచీ కలిసి బయటపడే జబ్బుల అవకాశం పెరుగుతుంది. ఏ దంపతులకైనా పుట్టే బిడ్డల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి ఏదో ఒక లోపం ఉంటుందనీ, మేనత్త మేనమామ బిడ్డల మధ్య పెళ్లయితే దానికి మరో ఇద్దరు ముగ్గురు కలుస్తారనీ జన్యు వైద్యులు చెబుతారు. ఆ జబ్బుల్లో చాలావాటిని డబుల్ మార్కర్ గానీ మామూలు ఎన్‌ఐపీటీ గానీ చూడనే చూడవు. ‘లో రిస్క్’ అని వచ్చిన కాగితం పట్టుకుని, మేనరికం భయం తీరిపోయిందని ఊరట పడే వాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది.

మేనరికం వారు మొదట అడగవలసిన పరీక్షల్లో ఒకటి హెచ్‌పీఎల్‌సీ. రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే ఈ పరీక్ష తలసీమియా, సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బుల లక్షణాలు దాగి ఉన్నాయేమో చెబుతుంది. తల్లికి లేకపోతే తండ్రికి చేయవలసిన పని సాధారణంగా ఉండదు. ఇద్దరికీ ఉంటే మాత్రం ప్రతి గర్భంలోనూ బిడ్డకు ఆ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. గోదావరికి ఎగువన రంపచోడవరం, చింతూరు వైపు గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ సమస్య ఉంది కాబట్టి, అటు మూలాలు ఉన్న వారికి ఇది మరీ అవసరం. జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు, పెళ్లికి ముందే చేయించుకుంటే ఇంకా మేలు. ఇంట్లో చిన్న వయసులో కారణం తెలియకుండా పోయిన పిల్లలు గానీ, పుట్టుకతో వినికిడి లేని వారు గానీ ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. మా మేనత్త తన రెండో బిడ్డను నాలుగు నెలల వయసులో పోగొట్టుకున్న సంగతి నేను చిన్నప్పటి నుంచీ విన్నదే. అది ఏ జబ్బో ఆ రోజుల్లో ఎవరూ చెప్పలేదు. ఆ మాట మా ఫైలులో రాయించడానికి ఆమె అనుమతి అడిగాను. కాసేపు ఊరుకుని, “రాయించు, వాడూ మన ఇంటివాడే కదా” అంది. నాకు హెచ్‌పీఎల్‌సీ మామూలుగానే వచ్చింది.

మరో చిన్న విషయం, కానీ మన ఊళ్లలో పట్టించుకోవలసినది. పరీక్ష ఫారంలో తల్లి పుట్టిన తేదీ, బరువు, మధుమేహం ఉందా లేదా, గర్భం సహజంగా వచ్చిందా చికిత్సతో వచ్చిందా అని అడుగుతారు. ఇవన్నీ లెక్కలోకి వెళతాయి. బడిలో చేర్చేటప్పుడు మాస్టారు వేసిన తేదీ ఒకటి, నిజంగా పుట్టిన తేదీ మరొకటి ఉన్న వాళ్లు నా ఈడు వారిలోనే ఎంతమందో. ఆధార్‌లో ఉన్నది బడి తేదీ అయితే ఫారంలో అది వేయకూడదు, అమ్మనడిగి అసలు తేదీ వేయాలి. ముప్పై దాటిన వారికి రెండేళ్ల తేడా కూడా వచ్చే అంకెను మారుస్తుంది.

ఇక అసలు నిర్ణయానికి వస్తాను. ఈ పరీక్షల గురించి ఎంత తెలుసుకున్నా, చేయించుకోవాలా వద్దా అన్నది ఆ జ్ఞానం వల్ల తేలదు. జవాబు వచ్చాక మనం ఏం చేస్తామన్న దాని మీద తేలుతుంది. ఆ సంగతి రక్తం ఇచ్చాక మాట్లాడుకుందాం అనుకుంటే, చేతిలో భయపెట్టే అంకె ఉన్నప్పుడు మాట్లాడుకోవలసి వస్తుంది. అందుకని నేనూ బావా ముందుగానే కూర్చున్నాం. హై రిస్క్ అని వస్తే ఎన్‌ఐపీటీకి వెళతామా, నేరుగా ఉమ్మనీరు పరీక్షకు వెళతామా? ఉమ్మనీరు పరీక్ష పదిహేను పదహారు వారాలు నిండాకే చేస్తారు. దానివల్ల గర్భం పోయే అదనపు ప్రమాదం అనుభవం ఉన్న చేతుల్లో 200లో ఒకటి కంటే తక్కువే అయినా, బొత్తిగా లేదనడానికి లేదు. పూర్తి క్రోమోజోముల ఫలితానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. అప్పటికి బిడ్డ కదలికలు తెలియడం మొదలవుతుంది. నిర్ధారణ అయితే కొనసాగిస్తామా, ఆపుకుంటామా? 2021లో సవరించిన గర్భస్రావ చట్టం ప్రకారం 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. శిశువు లోపాల వంటి కారణాలకు 24 వారాల దాకా ఇద్దరి అభిప్రాయం కావాలి. ఆ తరువాత తీవ్రమైన లోపాలు ఉంటే మెడికల్ బోర్డు తేల్చాలి. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీకి ఆమె సమ్మతి ఒక్కటే చట్టం అడుగుతుంది, భర్త సంతకం అడగదు. ఇది మా మధ్య తగవు కాదు గానీ, తగవు ఉన్న ఇళ్లలో ఈ సంగతి తెలిసి ఉండడం అవసరం.

మేనత్త వైపు నుంచి నేను ఊహించిన మాట, మా రోజుల్లో ఈ పరీక్షలు ఎక్కడివి అన్నది. ఆమె ఆ మాట అనలేదు. “తెలుసుకుని ఊరుకోగలవటే అమ్మాయీ? ఊరుకోలేనప్పుడు తెలుసుకో. ఊరుకునేదానివైతే, ఈ ఆరు నెలలూ ఆ బరువు ఎందుకు మోస్తావు?” అంది. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి, నేను పేజీలకొద్దీ చదివి చేరుకున్న చోటికి నేరుగా వచ్చింది.

ఆ మాటతో మేము పూర్తిగా ఏకీభవించే ముందు మా వీధిలో ఒకావిడను కలవాలనిపించింది. ఆమె కొడుక్కి డౌన్ సిండ్రోమ్. ఇప్పుడు ఇరవై దాటిన వయసు. కొబ్బరి డొక్కలు పొద్దున్నే పెరట్లో ఆరబెడతాడు, మబ్బు పట్టిందంటే ఎవరూ చెప్పకుండానే బయటికి వచ్చి, ఒక్కొక్కటీ తిప్పి చూసి, తడిసినవి ఒక వైపు, ఆరినవి ఒక వైపు వేరు చేసి పాకలోకి చేరుస్తాడు. మధ్యలో ఎవరైనా సాయం పట్టబోతే ఒప్పుకోడు, వాళ్లు వేసిన డొక్కను తీసి మళ్లీ తన వరుసలో పెట్టుకుంటాడు. మాట కొంచెం ముద్దగా వస్తుంది, కానీ నేను పనిచేసే బడికి ఏ రోజు వెళ్లలేదో అతనికి తెలుసు, మరునాడు ఎందుకు వెళ్లలేదని అడుగుతాడు. ఆవిడతో ఈ విషయం ఎత్తడానికి చాలా సంకోచించాను. ఆమె బిడ్డ వంటి బిడ్డ వద్దనుకోవాలా అని ఆమెనే అడిగినట్టు అవుతుందేమోనని భయం. ఆమె మాత్రం నెమ్మదిగా చెప్పింది. ముందే తెలిసి ఉంటే ఏం చేసేవారో ఆమెకు తెలియదు. కానీ ఒక్కటి మాత్రం చేసేవారు, పుట్టిన రోజునే గుండె చూపించేవారు. పాలు తాగుతూ ఆయాసపడుతుంటే పసిపిల్లలకు మామూలే అనుకుని ఎనిమిది నెలలు గడిపారు, గుండెలో రంధ్రం అప్పుడు బయటపడింది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో దాదాపు సగం మందికి గుండె లోపాలు ఉంటాయని నాకు తరువాత తెలిసింది. ఆపరేషన్ అయింది, బతికాడు. ఇప్పుడు సదరం సర్టిఫికెట్ ఉంది, పింఛను వస్తుంది, అయినా ఆమె దిగులు పింఛనుతో తీరేది కాదు. “మేం పోయాక వీడి వరసలు ఎవరు సర్దుతారు?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ముందే తెలుసుకోవడం అంటే గర్భం తీయించుకోవడానికే అన్న ఆలోచన చాలామందిలో ఉంది, కొంతవరకు నాలోనూ ఉండేది. ఆవిడతో మాట్లాడాక అది పోయింది. తెలుసుకుని కాన్పు ఎక్కడ చేయించుకోవాలో, పుట్టగానే ఎవరికి చూపించాలో ఏర్పాటు చేసుకోవడానికీ ఈ పరీక్షలు పనికివస్తాయి.

భీమవరంలో ఉన్న మా పెద్దమ్మ కూతురు నాకంటే అయిదేళ్లు పెద్దది, తన నిర్ణయం నా నిర్ణయానికి పూర్తిగా భిన్నం. ఆమె మొదటి బాబుకు సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు స్వాధీనంలో ఉండని స్థితి. స్నానం చేయించడం, తినిపించడం, ఫిజియోథెరపీకి తిప్పడం అన్నీ ఆమె చేతుల మీదే జరగాలి. రెండోసారి గర్భం వచ్చినప్పుడు డబుల్ మార్కర్ జోలికే వెళ్లకుండా పది వారాలు దాటగానే ఎన్‌ఐపీటీ చేయించుకుంది. “నాకు ఉన్నవి రెండు చేతులే చెల్లీ, అవి రెండూ వాడికే సరిపోవడం లేదు” అని చెప్పింది. అనుమానం వస్తే ఉమ్మనీరు పరీక్షకు వెళ్లాలని, నిర్ధారణ అయితే ఆపుకోవాలని తానూ బావగారూ ముందే నిశ్చయించుకున్నారు. ఆ ఇంటికి అది సరైన నిర్ణయమని నేను గట్టిగా నమ్ముతాను. ఇటువంటి తల్లిని పాపభీతితో బెదిరించేవారిని, పరీక్ష వద్దన్న తల్లిని చాదస్తురాలని చిన్నబుచ్చేవారిని నేను ఒకే దృష్టితో చూస్తాను. ఇద్దరూ తమది కాని బరువు గురించి తీర్పు చెబుతున్నారు.

మేమిద్దరం చివరికి ఇలా అనుకున్నాం. ఎన్‌టీ స్కాన్ చేయించుకుంటాం, డబుల్ మార్కర్ రక్తం ఇవ్వం. డౌన్ సిండ్రోమ్ ఉందని తెలిసినా మేము గర్భం ఆపుకోమని మాట్లాడుకోగా మాట్లాడుకోగా మాకు స్పష్టమయింది. అటువంటప్పుడు 600లో ఒకటనో, 200లో ఒకటనో ఒక అంకె మా చేతికి వస్తే దాన్ని మోయడం తప్ప దానితో మేము చేసేది ఏమీ లేదు. ఉమ్మనీరు పరీక్ష ప్రమాదానికి సిద్ధపడే ఉద్దేశమూ లేదు. స్కాన్ సంగతి వేరు. పన్నెండో వారానికే పుర్రె సరిగా ఏర్పడిందా, పొట్ట గోడ మూసుకుందా, కాళ్లూ చేతులూ ఉన్నాయా అన్నవి కనబడతాయి. పుర్రె ఏర్పడని స్థితిలో బిడ్డ బతకదు, అది ఎంత త్వరగా తెలిస్తే తల్లికి అంత మేలు. వెన్ను, మెదడు లోపాలు రాకుండా గర్భానికి ముందు నుంచే వేసుకోమనే ఫోలిక్ యాసిడ్ మాత్ర వెనుక మన డెల్టా మనిషి శ్రమ ఉందని ఈ సందర్భంలోనే తెలిసి ఎంతో సంతోషించాను. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ సంస్థలో నడిపిన పరిశోధక బృందమే 1940లలో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. ఇక మెడ వెనుక పొర 3.5 మిల్లీమీటర్లు దాటితే గుండె లోపాల అవకాశం కూడా పెరుగుతుంది కాబట్టి, అలా వస్తే గుండె స్కాన్‌కూ జన్యు వైద్యుల సలహాకూ వెళ్లాలని, అప్పుడు మిగిలిన ప్రశ్నలు మళ్లీ వేసుకోవాలని ఒప్పుకున్నాం.

స్కాన్‌కు ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా కాకినాడ వెళ్లాం. గోదావరి నిండుగా ఉంది. దారి పొడవునా నా ఆలోచనలు లంక గ్రామాల వైపే పోయాయి. వరదల కాలంలో నెలలు నిండిన గర్భిణులను ఆరోగ్య శాఖ వారు ముందుగానే పడవల మీద ఆసుపత్రులకు తరలిస్తారు, అది ఎంతో మంచి పని. పన్నెండో వారంలో ఉన్న అమ్మాయికి నొప్పులు ఉండవు, పొట్ట కనబడదు, ఆమె ఆ జాబితాలో ఉండదు. కాజ్‌వేలు మునిగి, నీరు తీసేసరికి ఆమెకు ఈ పరీక్ష గడువు ముగిసిపోతుంది, చేయించుకోవాలా వద్దా అని ఆలోచించే అవకాశమే లేకుండా ముగిసిపోతుంది. గర్భిణి పేరు నమోదు చేసే రోజునే ఏఎన్‌ఎం గానీ ఆశా కార్యకర్త గానీ ఈ గడువు ఫలానా తేదీల మధ్య ఉంటుందని, ఇది ఇష్టమైతే చేయించుకునేదని, తప్పిపోతే పదిహేను వారాల తరువాత క్వాడ్రపుల్ మార్కర్ అనే మరో పరీక్ష ఉందని రెండు వాక్యాలు చెప్పి, కార్డు మీద తేదీ వేస్తే సరిపోతుంది. ఎనిమిదో వారంలో చెప్పిన మాటకు ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది.

స్కాన్ గదిలో లింగ నిర్ధారణ నేరమన్న బోర్డు కింద కూర్చుని, ఆ చట్టం కింద నింపవలసిన ఫారం-ఎఫ్ మీద సంతకం చేశాను. బిడ్డ తల పైకెత్తి పడుకుంది, ఆ భంగిమలో మెడ కొలత ఉన్నదానికంటే ఎక్కువ వస్తుందట. దగ్గమన్నారు, పక్కకు తిరగమన్నారు, కాసేపు నడిచి రమ్మన్నారు. వసారాలో బావతో కలిసి అటూ ఇటూ తిరిగి వచ్చాక బిడ్డ సర్దుకుంది. తెర మీద మెడ వెనుక సన్నటి నల్లని గీత, దాని రెండు అంచుల మీద రెండు చిన్న కూడిక గుర్తులు పెట్టి డాక్టరు గారు కొలిచారు, చెరిపి మళ్లీ కొలిచారు, మూడోసారీ కొలిచారు. శిశువు పొడవు 62 మిల్లీమీటర్లు, పొర మందం 1.4. ముక్కు ఎముక కనబడింది.

రక్తం ఎందుకు వద్దనుకున్నారని ఆయన అడిగితే, మేము అనుకున్నదంతా బావే చెప్పాడు. ఆయన వాదించలేదు, అలాగని మెచ్చుకోనూ లేదు. కొలత బాగున్నంత మాత్రాన డౌన్ సిండ్రోమ్ లేదని తాను అనలేనని, రక్త పరీక్ష కలిస్తే లెక్క మరింత గట్టిగా ఉండేదని, మనసు మారితే పదమూడు వారాల ఆరు రోజుల దాకా డబుల్ మార్కర్‌కు, ఇరవయ్యో వారం దాకా క్వాడ్రపుల్ మార్కర్‌కు అవకాశం ఉందని వివరించారు. అదంతా విన్నాక ఫైలులో ‘అన్నీ వివరించాం, రక్త పరీక్ష వద్దన్నారు’ అని రాసి నా చేత సంతకం చేయించుకున్నారు. మేనరికం కాబట్టి పంతొమ్మిదో వారంలో, శిశువు అవయవాలన్నీ వివరంగా చూసే టిఫ్ఫా స్కాన్‌తో పాటు గుండెను విడిగా చూద్దామని దాని కిందే తేదీ వేశారు. అమలాపురం తిరిగి వచ్చాక ఆ కాగితం నకలు మా డాక్టరు గారికి ఇచ్చాం. ఆమె దాన్ని చదివి, మొదటి రోజు ఇచ్చిన కాగితంలో డబుల్ మార్కర్ ఎదురుగా ఉన్న టిక్కును తన కలంతో కొట్టేశారు.